లాయిడ్ జార్జి మంత్రివర్గమునకు రెండు పునాదులు

సీమలో ప్రధానమంత్రి మారినపుడెల్ల మన గుంటూరు మండలమున ఒక ప్రశ్న పుట్టుట నూరేండ్లుగా వచ్చుచున్న వాడుక. ఈ మార్పువలన మనకేమి యనునదే యా ప్రశ్న. 2016వ సంవత్సరము మొదలు 2024 వరకు కామెరాను, థెరీసా మే, జాన్సను, ట్రస్, సునాక్ గారలు వరుసగా ఆ పదవినుండి దిగిపోయిరి. 2022లో ట్రస్ గారి యేలుబడి ఏడు వారములతో ముగిసినది. 2024 జులైలో స్టార్మరు గారు కార్మికపక్షము తరఫున అధికారమునకు వచ్చిరి. చిలకలూరిపేటలో ప్రత్తివర్తకుడు మొదలుకొని, కుమారుని పైచదువులకు లండను పంపిన రైతువరకు, ఈ రాకపోకలను ఆసక్తితో గమనించువారు గలరు. ఆసక్తి తప్పుగాదు. ఏ లెక్కతో గమనింపవలెననునదే విచారణీయము.

ఇందులకు మేము పాత లెక్క యొకటి పాఠకుల ముందుంచ దలచితిమి. 1922వ సంవత్సరమున లాయిడ్ జార్జి మంత్రివర్గము రెండు తావులలో పరీక్షకు గురియయ్యెను. ఒకటి లండను మహానగరము. రెండవది పేటకు తూర్పున పది పన్నెండు మైళ్ల దూరమున నున్న పెదనందిపాడు. మొదటి పరీక్షలో ఆ మంత్రివర్గము కూలిపోయినది. రెండవ పరీక్షలో కూలలేదు. అయినను, తనను పాలించు ప్రభుత్వము దేనిమీద నిలిచియున్నదో మన రైతు తెలిసికొన్నది ఆ రెండవ పరీక్షలోనే. ఈ భేదమును గుర్తింపనివారు సీమ రాజకీయములను ఎంత చదివినను ఫలము స్వల్పము.

పేట చుట్టుపట్ల

చిలకలూరిపేట మదరాసు కలకత్తాల బాటమీద నున్న సంత ఊరు. 2022లో జిల్లాలను పునర్విభజించినపుడు పల్నాడు జిల్లాలో చేరినది గాని, అంతకుముందు గుంటూరు జిల్లాలోని దే. చుట్టును నల్లరేగడి. ఈ రేగడిలో పండిన యెర్రజీర ప్రత్తి పూర్వము కోకనాడ ప్రత్తియను వర్తకనామముతో ఎగుమతియయ్యెడిది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి లాంకషైరు మగ్గములకు ప్రత్తి చాలక పోయినపుడు ఇక్కడి రైతుకు మంచి ధర వచ్చెను; 1865లో యుద్ధము ముగియగనే ఆ ధర జారిపోయెను. సీమ సంగతులు తన కల్లముదాక వచ్చునని పేట ప్రాంతపు రైతుకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.

1921, 1922 సంవత్సరములలో ఈ పేట మూడు ఉద్యమముల నడుమ నుండెను. దక్షిణమున చీరాల పేరాలలు. తమ ఊళ్లను మునిసిపాలిటీగా మార్చి పన్నులు పెంచినందుకు అచ్చటి ప్రజలు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, ఇండ్లు విడిచి ఊరివెలుపల రామనగరమను పాకల పల్లె కట్టుకొని నెలల తరబడి కాపురముండిరి. వాయవ్యమున పల్నాడు. అడవిలో పశువులను మేపుకొనుటకు వేసిన పుల్లరిని ఆ సీమవారు కట్టమనిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతుగారు ఆ పుల్లరి పోరాటముననే తుపాకి గుండ్లకు బలియైరి. తూర్పున పెదనందిపాడు. ఇచ్చట ఉద్యమము నేరుగా భూమిశిస్తుమీదకే పోయినది.

పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరిగారు ముందు నిలిచిరి. జిల్లాలోను ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసులోను కొండ వెంకటప్పయ్య పంతులుగారు పెద్దదిక్కు. 1921 డిసెంబరునుండి గ్రామ మునసబులు, కరణములు రాజీనామాల నిచ్చుటకు మొదలిడిరి. రైతులు కిస్తు కట్టుట మానిరి. శాంతిసేన యను పేరుతో స్వచ్ఛందసేవకులు ఊరూర తిరిగి, ఎవ్వరును చేయి చేసికొనకుండ కావలి కాచిరి.

అపుడు జరిగినదానిని పాఠకులు శ్రద్ధగా పరిశీలింతురుగాక. శిస్తు వసూలునకు దొర స్వయముగా రాడు. ఎవరు ఎంత చెల్లింపవలెనో చెప్పునది కరణము చిట్టా. సొమ్ము చేతబట్టి రసీదునిచ్చువాడు మునసబు. ఇంటింటికి పోయి పిలుచుకొని వచ్చువాడు వెట్టివాడు. కట్టనివాని గొడ్డును జప్తు చేసినచో దానిని తోలుకొని పోవుటకు మనిషి కావలెను. వేలము వేసినచో పాట పాడువాడు కావలెను. మునసబు కరణములు కాగితములు అప్పగించి ఇంటికి పోయిరి. జప్తు చేసిన పశువునకు పాట పాడువాడు దొరకలేదు. విడిదిచేసిన అధికారులకు బండి కట్టువారు, వంట సరకులు అమ్మువారు అరుదైరి. కలెక్టరు రూథర్‌ఫర్డు సాయుధ బలగములను రప్పించెను. భూములు పోవునని ప్రకటించెను. వంశపారంపర్యపు మిరాశీ హక్కు పోవునని గ్రామోద్యోగులను బెదరించెను. బెదరింపులకు లోబడినవారును లేకపోలేదు. అయినను ఆ కొలది వారములు ఫిర్కాలో ప్రభుత్వమున్నదా లేదా యని సందేహింపవలసిన స్థితి యేర్పడినది.

లండనులోని స్థితి

ఇక లండను సంగతి. లాయిడ్ జార్జి 1916 డిసెంబరులో, మహాయుద్ధపు నడుమ, ఆస్క్విత్తును తప్పించి ప్రధాని యయ్యెను. యుద్ధము గెలిచిన కీర్తితో 1918 డిసెంబరు ఎన్నికలలో ఆయన సంకీర్ణ పక్షము ఘనవిజయము పొందినది. అయితే ఆ విజయమున ఒక లోపము మొదటినుండియు దాగియుండెను. ప్రధాని లిబరలు. ఆయనను అనుసరించిన లిబరలులు సుమారు 130 మంది. సంకీర్ణములోని కన్సర్వేటివులో, 300కు పైబడినవారు. అనగా ఇల్లు కన్సర్వేటివులది. యజమాని పీటమీద కూర్చున్నవాడు లాయిడ్ జార్జి. వారు ఓర్చినంతకాలమే ఆయన ప్రధాని.

అట్టి స్థితిలో నున్నవాడు ఏ ఎండకా గొడుగు పట్టకతప్పదు. 1921 నడుమ సీమలో నిరుద్యోగుల సంఖ్య ఇరువది లక్షలు దాటినది. 1921 డిసెంబరు 6న ఐర్లండుతో సంధి చేసికొన్నందుకు కన్సర్వేటివులలోని ఛాందసవర్గము మండిపడుచుండెను. 1922 జనవరిలో వెంటనే ఎన్నికలు పెట్టుదమా యని ప్రధాని ఆలోచింపగా, కన్సర్వేటివు పక్షపు వ్యవహర్త జార్జి యంగరు బహిరంగముగా అడ్డుచెప్పెను. ప్రధాని తన మంత్రివర్గపు ఆయుస్సును తానే నిర్ణయించుకొనలేని దశ వచ్చినదని దానితో లోకమునకు వెల్లడియైనది.

ఆ నెలలోనే పెదనందిపాడున కిస్తు నిలిచియున్నది. ఈ రెండు సంగతులకు పరస్పర సంబంధము లేదు. ఛాందసులకు పెదనందిపాడు పేరైన తెలిసియుండదు. కాని వారికి భారతదేశమను పదము బాగుగ తెలియును. ప్రధానిని నేరుగా కొట్టలేనపుడు ఇండియామంత్రి మాంటేగును కొట్టుటకు ఆ పదమును వాడుకొనుచుండిరి.

మాంటేగును బలియిచ్చుట

మాంటేగు 1917 జులైనుండి ఇండియామంత్రి. 1917 ఆగస్టు 20 ప్రకటనము, 1919 భారతప్రభుత్వ చట్టము ఆయన పేరుతో ముడిపడినవి. ఆ చట్టము మనకిచ్చినది స్వల్పము. భూమిశిస్తు వంటి ముఖ్యశాఖలను మంత్రుల చేతి కీయక గవర్నరు కార్యనిర్వాహకసభ క్రింద అట్టిపెట్టినది. ఈ సంస్కరణములు నడచుచుండగనే పంజాబులో 1919 ఏప్రిల్ 13 నాటి జలియనువాలాబాగు ఘోరము జరిగినది. అయినను, 1920 జులైలో డయ్యరు చర్యను కామన్సు సభలో నిండు సభయెదుట ఖండించిన మంత్రి మాంటేగే. నాడు కామన్సులో 230 మంది ప్రభుత్వముపక్షమున, 129 మంది డయ్యరుపక్షమున నిలిచిరి. ప్రభువుల సభలో మాత్రము 129కి 86తో డయ్యరు పక్షమే నెగ్గినది. నాటినుండి ఛాందసులకు మాంటేగు కంటిలో నలుసు.

1921లో విదేశపు బట్టలమీద దిగుమతి సుంకమును నూటికి 11 చేసినపుడు లాంకషైరు మిల్లుదారులు ఆయనమీదకు రాయబారము పోయిరి. సుంకము వేసికొనుట భారతప్రభుత్వపు అధికారమని చెప్పి ఆయన వారిని పంపివేసెను. ప్రత్తి పండించు సీమవారము గనుక ఈ యొక్క మేలును మేము మరువజాలము.

1922 ఫిబ్రవరిలో సంగతులు ముదిరినవి. 4వ తేదీన చౌరీచౌరాలో పోలీసుల హత్య జరిగినది. గాంధీ మహాత్ముడు బార్డోలీ సత్యాగ్రహమును ఆపివేసెను. గుంటూరు విషయమున ఆయన జనవరినుండియే జాగ్రత్తలు వ్రాయుచుండెను; తాను చెప్పిన నియమములన్నియు నెరవేరినగాని శిస్తు నిరాకరణమునకు దిగరాదని ఆయన పట్టుదల. ఫిబ్రవరి రెండవ వారమునాటికి మన నాయకులును నిరాకరణమును విరమించి, కిస్తులు కట్టుడని రైతులకు చెప్పిరి. అది తప్పో ఒప్పో నేడు తీర్పు చెప్పుట మా యుద్దేశము కాదు. హింసకు తావులేని పోరాటమని ప్రతిజ్ఞ పట్టినవారు ఆ ప్రతిజ్ఞకు కట్టుబడిరి. కాని భారము మోసినదెవరో చెప్పవలసియున్నది. నాయకులకు అది ఒక తీర్మానము. రైతునకు అది నిలిపిన కిస్తు, జప్తులో పోయిన గొడ్డు, ఊరిలో తలదించుకొని మునసబు చేతిలో సొమ్ము పోయుట.

అదే ఫిబ్రవరి నడుమ కామన్సు సభలో జాయిన్సన్ హిక్సు మొదలగు ఛాందసులు మాంటేగుపై అభిశంసనము తెచ్చిరి. అది వీగిపోయినది. మూడు వారములు గడవకమునుపే మరియొక అవకాశము దొరికినది. తురుష్కులతో చేసిన సెవర్సు సంధిని సవరింపవలెనని రాజప్రతినిధి రీడింగు ప్రభువు తంతి పంపగా, మంత్రివర్గమును సంప్రదింపక మాంటేగు దాని ప్రకటనమునకు అనుమతించెను. ఖిలాఫతు విషయమున మన మహమ్మదీయ సోదరుల మనస్సు చల్లబరుప వలెనని రీడింగు తలంపు. లండనులో అది పెద్ద అపరాధమైనది. మార్చి 9న మాంటేగు పదవి వదలవలసివచ్చెను. ఛాందసులు హర్షధ్వానములు చేసిరి. మరునాడు, మార్చి 10న, సబర్మతిలో గాంధీ మహాత్ముని నిర్బంధించిరి. మార్చి 18న ఆయనకు ఆరేండ్ల శిక్ష పడెను.

ఒకనాడు మాంటేగు, మరునాడు గాంధీ. ఈ తేదీల కలయికనుండి కుట్రను ఊహించుట మాకు సమ్మతము కాదు. అయినను ఇందు కనబడు నీతి స్పష్టము. తన పీఠము కదలునపుడు లాయిడ్ జార్జి మొదట చేజార్చుకొన్నది భారతదేశమునకు సంబంధించినదానినే. మనము ఆయన లెక్కలో చేతిలోని చిల్లర. అవసరమైనపుడు ఖర్చుపెట్టదగిన వస్తువు.

ఉక్కుచట్టము

1922 ఆగస్టు 2న కామన్సు సభలో ప్రధాని చేసిన ప్రసంగము ఈ సందర్భమున విచారింపదగినది. భారతదేశమున సివిలుసర్వీసు యావత్తు కట్టడమును నిలుపు ఉక్కుచట్టమువంటిదనియు, దానిని తీసివేసినచో కట్టడము కూలుననియు, ఆ బ్రిటిషు ఉద్యోగుల సహాయము అక్కరలేని కాలము తనకు కానవచ్చుటలేదనియు ఆయన భావము. అయిదేండ్ల క్రిందట ఈ ప్రభుత్వమే బాధ్యతాయుత పాలనమును క్రమక్రమముగా ఇచ్చెదమని ప్రకటించియుండెను. ఇపుడు ఆ ప్రధానియే ఆ బాధ్యత కొనసాగు దారిలో ఉక్కు తలుపు వేసెను. మితవాదులు సయితము దీనికి నొచ్చుకొనిరి.

ఛాందసులను సంతోషపెట్టుటకే ఆయన ఇట్లు పలికెనని చాలమంది తలచిరి. కావచ్చును. కాని మాకు తోచు ముఖ్యవిషయము వేరు. ఆ ఉపమానమే తప్పు. ఆ కట్టడము దేనిమీద నిలిచియున్నదో ఆ సంవత్సరపు చలికాలములోనే పెదనందిపాడు చూపియుండెను. కొలదిమంది దొరలు దేశమంతటిని పాలించుచుండినది తమ ఉక్కుతనముచేత కాదు. ప్రతి ఊరను ఒక మునసబు సంతకము పెట్టుటచేత, ఒక కరణము చిట్టా వ్రాయుటచేత, ఒక వెట్టివాడు కబురు మోయుటచేత, వేలములో ఒకడు పాట పాడుటచేత. ఉక్కుచట్టము మట్టిగోడమీద ఆనియున్నది. ఆ మట్టి మనది. పేట తూర్పుదిక్కున ఆ గోడ కొంచెము ప్రక్కకు జరిగినంతనే చట్టము ఊగినది.

లాయిడ్ జార్జి మంత్రివర్గమునకు రెండు పునాదులని మేము పేరు పెట్టుటకు కారణమిదియే. ఒక పునాది కన్సర్వేటివు సభ్యుల ఓర్పు. మరియొకటి మన గ్రామముల ఓర్పు. మొదటిదాని సంగతి పత్రికలన్నియు ప్రతిదినము వ్రాసినవి. రెండవదానిని గూర్చి లండనులో ఎవరును తలచలేదు. మనమును చాలకాలము తలచియుండలేదు.

కార్ల్‌టన్ క్లబ్బు

మొదటి పునాది అక్టోబరులో విరిగినది. బిరుదులను సొమ్మునకు అమ్ముకొనుచున్నారను అపవాదు ఆ వేసవినుండియే మంత్రివర్గమును చుట్టుకొనియుండెను. సెప్టెంబరులో చనక్కు వద్ద తురుష్కులతో మరల యుద్ధము వచ్చునన్న భయము పుట్టినది. యుద్ధముతో విసిగిన జనులకు అది రుచింపలేదు. అక్టోబరు 19న కన్సర్వేటివు సభ్యులు లండనులోని కార్ల్‌టన్ క్లబ్బులో సమావేశమైరి. న్యూపోర్టు ఉపఎన్నికలో సంకీర్ణమునకు చెందని కన్సర్వేటివు గెలిచినాడను వార్త ఆ యుదయముననే వచ్చినది. రాబోవు ఎన్నికలలో లాయిడ్ జార్జితో కలసి పోవుటయా, తమ పక్షముగా పోటీచేయుటయా యనునదొక్కటే ప్రశ్న. ఆస్టిన్ చేంబర్లేను కలసిపోవుదమనెను. బాల్డ్విను, బోనర్ లా వలదనిరి. విడిపోవుదమనినవారు 187, కలసియుందమనినవారు 87. ఆ సాయంకాలమునకు లాయిడ్ జార్జి రాజీనామా నిచ్చివేసెను. బోనర్ లా ప్రధాని యయ్యెను. నవంబరు 15 ఎన్నికలలో కన్సర్వేటివులు గెలిచిరి. కార్మికపక్షము 142 స్థానములతో ప్రధాన ప్రతిపక్షమైనది. లాయిడ్ జార్జి 1945లో చనిపోవు వరకు మరల మంత్రిపదవి యెరుగడు.

నేటికిని కన్సర్వేటివు సామాన్యసభ్యుల సంఘమునకు 1922 కమిటీయని పేరు. ఆ క్లబ్బు సభనుండియే పుట్టినదని పలువురి భ్రమ. నిజమునకు 1922 నవంబరులో క్రొత్తగా ఎన్నికైన సభ్యులు 1923లో ఏర్పరచుకొన్న సంఘమది. 2022 అక్టోబరు 20న ట్రస్ గారు రాజీనామా ప్రకటించినపుడు ఈ సంఘము పేరే పత్రికలనిండ వినబడినది. నూరేండ్లమీద ఒక దినము. ఆ దేశమున ప్రధానులను దింపునది ప్రతిపక్షముకంటె స్వపక్షమే యనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

పతనమువలన మనకు కలిగినదేమి

187 మంది ఓటువేసి ప్రధానిని దింపిరి. ఆ ఓట్లలో ఒకటియైన గుంటూరు కిస్తును, పల్నాటి పుల్లరిని, కన్నెగంటివారి ప్రాణమును తలచి పడినది కాదు. కావుననే ఆ పతనము మన పల్లెకు మేలు మోసికొని రాలేదు. ఎట్లనగా,

1923 మార్చిలో, బోనర్ లా ప్రధానిగా నుండగా, ఉప్పుమీది పన్ను మణుగునకు 1 రూపాయి 4 అణాలనుండి 2 రూపాయల 8 అణాలకు పెరిగినది. శాసనసభ వలదన్నను రాజప్రతినిధి తన ప్రత్యేకాధికారముతో దానిని నెగ్గించెను. చినగంజాము ఉప్పు కొటారులకు దగ్గరనే నివసించు మన రైతుకూలి, గంజిలో వేసికొను చిటికెడు ఉప్పునకు రెట్టింపు పన్నిచ్చెను. మరుసటి యేడు ఆ పెంపు తగ్గినది గాని, సీమలో మంత్రులు మారినందువలన దయ పుట్టుననుకొన్నవారికి అది మంచి పాఠమైనది.

1923లో లీ ప్రభువు అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. ఉద్యోగములలో భారతీయుల పాలు పెంచవలెననుటతోపాటు, యూరోపియను ఉద్యోగుల జీతభత్యములను పెంచవలెననియు 1924లో అది చెప్పినది. లాయిడ్ జార్జి పోయినను ఆయన ఉక్కుచట్టమునకు క్రొత్తగా సానపట్టిరి.

అన్నిటికంటె గట్టి సాక్ష్యము రీడింగు ప్రభువే. లాయిడ్ జార్జి కాలమున, 1921 ఏప్రిలులో, ఆయన ఢిల్లీ గద్దెనెక్కెను. 1926 ఏప్రిలు వరకు దిగలేదు. ఆ నడుమ సీమలో లాయిడ్ జార్జి, బోనర్ లా, బాల్డ్విను, మాక్డొనాల్డు, మరల బాల్డ్విను ప్రధానులైరి. మాంటేగు, పీలు, ఒలివియరు, బిర్కెన్‌హెడ్డు ఇండియామంత్రులైరి. ఐదు ప్రభుత్వములకు రాజప్రతినిధి యొక్కడే. చెన్నపట్టణమున విల్లింగ్డను ప్రభువు సయితము 1919 మొదలు 1924 వరకు కదలలేదు. గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డు ఇక్కడ సంపాదించిన అనుభవముతో రంప మన్యమునకు పంపబడెను. అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి ఠాణాపై పడిన 1922 ఆగస్టు 22న ప్రధాని లాయిడ్ జార్జి. ఆయనను కాల్చి చంపిన 1924 మే 7న ప్రధాని మాక్డొనాల్డు, కార్మికపక్షపు నాయకుడు, భారతదేశమునకు మిత్రుడని పేరుపొందినవాడు. తుపాకి మాత్రము మారలేదు.

1924 అక్టోబరులో అదే కార్మిక మంత్రివర్గము తన చివరి దినములలో బంగాళపు ఆర్డినెన్సునకు సమ్మతించెను. 1930లో రెండవ కార్మిక మంత్రివర్గపు కాలముననే ఉప్పు సత్యాగ్రహమునకై దేశమంతట వేలకొలది జనులు చెరసాలలు నింపిరి. రాముడేలిననేమి రావణుడేలిననేమి యను సామెతను పల్లెటూరివారు ఊరక పుట్టింపలేదు.

ఒక ఆక్షేపణ

ఇట్లనినచో 1945 మాటయేమి యని పాఠకులు మమ్ము ప్రశ్నింపవచ్చును. ఆ జులైలో చర్చిలు ఓడి, 393 స్థానములతో కార్మికపక్షమునకు చెందిన ఆట్లీ ప్రధాని యయ్యెను. రెండేండ్లు తిరుగునప్పటికి భారతదేశము స్వతంత్రమయ్యెను. 1935 చట్టమునే అడుగడుగునకు ప్రతిఘటించిన చర్చిలు పదవిలో నుండినచో ఇది అంత త్వరగా, అదే తీరున జరిగియుండునా? జరిగియుండదనియే మేమును నమ్ముచున్నాము. సీమలోని మార్పులన్నియు మనకు సమానమనుట మా వాదముగాదు. అట్లు చెప్పుట సోమరితనము.

కాని 1924 నాటి కార్మికపక్షమునకు, 1945 నాటి కార్మికపక్షమునకు నడుమ ఏమి జరిగినదో చూడవలెను. 1930, 1932, 1942 సంవత్సరములలో దేశము మూడు మారులు లేచినది. రెండవ మహాయుద్ధము ముగియునప్పటికి బ్రిటను మనకే వేయి మిలియను పౌనులకు మించి బాకీపడినది. 1946 ఫిబ్రవరిలో బొంబాయి రేవున నౌకాదళపు నావికులు తిరుగబడిరి. పోలీసు, సైన్యము, కచేరీ గుమాస్తా, ఊరి మునసబు ఇక ఎంతకాలము తమ మాట విందురో తెలియని స్థితి వచ్చినది. 1947 ఫిబ్రవరి 20న ఆట్లీ అధికారము వదలెదమని ప్రకటించెను. ఆయన సద్బుద్ధిని మేము కొనియాడెదము. అయితే, ఆ సద్బుద్ధికి అవసరమును కల్పించినది రెండవ పునాది కదలుట. 1922లో ఒక్క ఫిర్కాలో, కొలది వారములు కదలినది 1946 నాటికి దేశమంతట కదలినది. మంచి ప్రధాని వచ్చుట ఒక అనుకూలము మాత్రమే. ఆ అనుకూలమును పనికి తెచ్చునది ఇక్కడి బలము.

నేటి రైతునకు

నేడు మనకు సీమ ప్రధాని పాలకుడు గాడు. బేరమునకు ఎదుట కూర్చుండువాడు. భారత బ్రిటనుల వాణిజ్య ఒప్పందమునకై 2022 జనవరిలో జాన్సను కాలమున సంప్రదింపులు మొదలైనవి. ట్రస్, సునాక్ గారల కాలములు దాటి, 2025 జులై 24న స్టార్మరు గారి హయాములో సంతకములు జరిగినవి. నలుగురు ప్రధానులు మారినను బేరము ఒకటే. రీడింగు ప్రభువు నాడు నేర్పిన పాఠమే మరియొక విధమున మరల కనబడినది. సీమ కచేరీలు తమ లాభమును మంత్రివర్గములనుబట్టి మార్చుకొనవు. మన బట్టలకు అచ్చట సుంకము తగ్గించుట ఒప్పందములోని ముఖ్యాంశములలో నొకటి. అందువలన పేటలోని జిన్నింగు మిల్లునకు, నూలుమిల్లునకు ఎంత మిగులును, అందులో రేగడిలో ప్రత్తి తీసిన కూలికి, మిరపకల్లములో ఎండకు మాడిన రైతుకు ఎంత చేరును అను ప్రశ్నకు జవాబు లండనులో దొరకదు. అది ఇక్కడి కాటావద్ద, ఇక్కడి మార్కెటు యార్డులో, ఇక్కడి సహకారసంఘములో, మన శాసనసభలలో దొరకవలసినది.

స్టార్మరు గారి ప్రభుత్వము ఎంతకాలముండునని మమ్మడుగువారు గలరు. ఆ దేశపు వాడుకనుబట్టి చూడగా, దాని ఆయుస్సును చెప్పవలసినవారు దాని స్వపక్ష సభ్యులు. మేము జ్యోతిషము చెప్పము. పిల్లలను అచ్చట చదివించుచున్నవారు ప్రవేశానుమతుల నిబంధనలను తెలిసికొనుచుండవలెను. ఎగుమతి చేయువారు సుంకముల పట్టికను చూచుచుండవలెను. ఇంతవరకు అవసరము. అంతకుమించి, అక్కడ ఒకరు దిగి ఒకరు ఎక్కినంతమాత్రమున ఇక్కడి కష్టము తీరునని యెదురుచూచుట 1922లోనే ఫలింపలేదు.

పెదనందిపాడు రైతు ఆ యేడు ఓడిపోయెనని చరిత్రలు వ్రాయవచ్చును. కిస్తు కట్టినమాట నిజము. కాని కట్టుటకుముందు కొలది వారములు అతడు ఒక మహాసామ్రాజ్యపు లెక్కను విప్పి చూచెను. దొర అధికారము మునసబు సంతకములో నున్నదని, వేలమువేసినవాని బలము పాట పాడువాని నోటిలో నున్నదని కనుగొనెను. ఈ యెరుక లాయిడ్ జార్జికి ఆగస్టునాటికిని కలుగలేదు. పేట ప్రాంతమున ఆనాటి రాజీనామాలిచ్చిన మునసబుల, కరణముల పేర్లు, వేలములో నోరు మెదపనివారి పేర్లు, ఏ యూరివి ఆ యూరివారు పెద్దలనడిగి వ్రాసి, బడిలోనో పంచాయతి కచేరీలోనో నిలుపుకొనుట మంచిదని మా మనవి. కార్ల్‌టన్ క్లబ్బులో ఓటువేసినవారి లెక్కను లోకము భద్రపరచుకొన్నది. మనవారి లెక్కను మనము భద్రపరచుకొనవలదా?